గడప దగ్గరి మనిషి

(హైదరాబాదు బహదూర్‌పురాలో జరిగిన స్మారకసభలో చేసిన ఉపన్యాసానికి అచ్చుపాఠం)



ఎవరి జ్ఞాపకంగా ఇక్కడ చేరామో ఆమె పేరు ఈ హాలులో అందరికీ తెలుసు. అచ్చులో మాత్రం ఆ పేరు వేయవద్దని ఆమె పిల్లలు కోరారు. బతికినన్నాళ్లూ ఆమె మాట కూడా అదే. ఆమె పనిచేసిన సంస్థల గోడల మీద దాతల పేర్లున్నాయి, రిబ్బను కత్తిరించినవారి పేర్లున్నాయి, ఆమె పేరు లేదు. కనుక ఈ పాఠంలో ఆమెను బస్తీ పిలిచినట్టే పిలుస్తాను. కామాటిపురాలో తెలుగింట పుట్టిన ఆ మనిషి ముస్లిం ఇళ్లలో ఆపా, తెలుగు ఇళ్లలో అక్క. నాకు రెండు పిలుపులూ అలవాటే. ఇవాళ ఆపా అంటాను.

నాకీ వేదిక ఎక్కే అర్హత ఒక్కటే. చాలా ఏళ్లు ఆమెతో ఒకే ఆఫీసులో పనిచేశాను. ఆమె గల్లీల్లో తిరిగేది, నేను కుర్చీలో కూర్చుని ఆమె తిరిగిన దాన్ని ఇంగ్లీషులో రిపోర్టుగా రాసి విదేశాల్లోని దాతలకు పంపేవాణ్ణి. ఆ రిపోర్టుల్లో ఏం రాయలేదో చెప్పడమే ఈ ఉపన్యాసం.

సముద్రాలు దాటి వచ్చే సేవాసంస్థల చరిత్రను మనవాళ్లు రెండు రకాలుగా చెబుతూ వచ్చారు. ఒకటి స్థాపకుల కథ, రెండోది డబ్బు లెక్క. మూడో రకం చరిత్ర ఒకటుందని, అసలైనది అదేనని నా నమ్మకం. అది నిలకడ చరిత్ర. ఒక బస్తీలో ఒక మనిషిని ఎన్నేళ్లు ఉండనిచ్చింది అన్నదాన్నిబట్టే ఏ సంస్థనైనా కొలవాలి. ఎంత ఖర్చుపెట్టింది, ఎంతమందికి పంచింది అనేవి ఆ తరువాతి ప్రశ్నలు.

ఈ మాట ఇక్కడ నిలబడి చెప్పడానికి కారణం ఉంది. మూసీ ఇక్కడికి దూరం కాదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో దాని మీద కట్టిన పురానాపూల్ వంతెన ఇవాళ్టికీ ఉంది. 1908 సెప్టెంబరు 28న ఆ నది నగరం మీద పడింది. చనిపోయినవారు పదిహేను వేలమంది ఉంటారని అంచనా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన భవనాల తలుపులు తెరిపించాడు, గంజికేంద్రాలు పెట్టించాడు. ఆ తరువాత వరదల అదుపు కోసం ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చాడు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. వరద తీశాక వారాల్లో ముగిసేది సహాయం. అదే వరదకు జవాబు వెతకడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఈ రెండు కాలమానాల మధ్య తేడాను మన నగరం అంత దగ్గరగా చూసింది. అయినా వందేళ్లు దాటాక కూడా సేవ అనగానే మనకు మొదట గుర్తొచ్చేది గంజికేంద్రమే.

విదేశీ సేవాసంస్థలు మన తెలుగు ప్రాంతాలకు మొదట మిషన్ల రూపంలో వచ్చాయి. వాటి ఉద్దేశాల మీద చర్చ ఉంది, ఉండాలి కూడా. ఇప్పుడు దానిలోకి పోను. స్కాట్లాండు డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ వెస్లియన్ మిషన్ తరఫున 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్టు ఆసుపత్రి లేచింది. దానికి డబ్బిచ్చినవారిలో స్థానిక ధనికుడు నర్సాగౌడ్ ఒకరు. సంస్థ పరాయిది, డాక్టరు పరాయి మనిషి, దాతల్లో ఒకరు మనవాడు. ఆ ముగ్గురి గురించీ రాతల్లో దొరుకుతుంది. కట్టు కట్టినవాళ్లు, చాల్‌మూగ్రా జాతి గింజల నూనె సూదిమందుగా ఎక్కించేటప్పుడు రోగి చెయ్యి పట్టుకున్నవాళ్లు, అతని ఊరివాళ్ల భాషలో సముదాయించినవాళ్లు? వాళ్ల గురించి దాదాపు ఏమీ మిగల్లేదు. లండన్‌లో 1924లో కుష్టు నివారణకే ఒక సంఘం పుట్టింది. దాని వారసత్వంగా లెప్రా సొసైటీ 1989లో హైదరాబాదు కేంద్రంగా మొదలైంది. బీబీసీ పిల్లల కార్యక్రమం బ్లూ పీటర్ ప్రేక్షకులు, అంటే బ్రిటన్‌లోని బడిపిల్లలు పోగుచేసిన డబ్బుతో చెర్లపల్లిలో ఒక పరిశోధనా కేంద్రం వెలిసింది. ఒక దేశపు పిల్లల చిల్లర డబ్బులు మరో దేశపు మనిషి చర్మం మీది మచ్చ దాకా రావాలి. ఆ ప్రయాణంలో ఆఖరి వంద గజాలు ఎవరు నడిచారన్నదే నా ప్రశ్న.

ఆ వంద గజాల విద్యను మన నగరం ఒక పద్ధతిగా నేర్చుకున్న సందర్భం ఉంది. దాని దగ్గర కాస్త ఆగుతాను.

1948లో ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్ వాస్తుశిల్పి ఉత్తరప్రదేశ్‌లోని ఇటావాలో గ్రామాభివృద్ధి ప్రయోగం మొదలుపెట్టాడు. ఊళ్లోనే ఉండి, అన్ని శాఖల పనీ ఒక్కడే ఊరివాళ్లకు అందించే గ్రామసేవకుడు ఆ ప్రయోగానికి కేంద్రం. 1952 అక్టోబరు 2న మొదలైన సామాజిక వికాస పథకం ఆ మనిషిని దేశమంతటా నిలబెట్టింది. అలాంటివాళ్లకు, వాళ్ల అధికారులకు చదువు చెప్పడానికి ముస్సోరీలో పుట్టిన జాతీయ సంస్థ 1960లలో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇక్కడి నుంచి బయల్దేరితే కాసేపట్లో చేరుకునే రాజేంద్రనగర్‌లో ఇప్పుడు మనం చూసేది దాన్నే. పల్లెకు సేవకుడు సరే, బస్తీకి ఎవరు? ఆ ప్రశ్న ఢిల్లీలో 1950ల చివర ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో పరీక్షకు వచ్చింది. ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం కొన్ని నగరాల్లో పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టులు పెట్టింది. చాలాచోట్ల అవి కొద్ది ఏళ్లకే ఆరిపోయాయి. హైదరాబాదులో 1967లో, అదీ పాతబస్తీలో మొదలైంది మాత్రం నిలిచింది. మనం యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) అని పిలుచుకునేది అదే.

ఎందుకు నిలిచింది? నా లెక్కలో కారణం సి.ఓ.లు, అంటే కమ్యూనిటీ ఆర్గనైజర్లు. వాళ్లు మునిసిపాలిటీ ఉద్యోగులు, కానీ ఆఫీసులో తక్కువ, బస్తీలో ఎక్కువ ఉండేవారు. బస్తీకి ఏం కావాలో ముందు తాము చెప్పరు. నలుగుర్ని కూర్చోబెట్టి అడుగుతారు. నల్లా అంటే నల్లా, బాలవాడి అంటే బాలవాడి, కుట్టుమిషన్లంటే కుట్టుమిషన్లు. ఖర్చులో బస్తీ తన వాటా వేసుకోవాలి. మొదటి పని చిన్నదే అయినా పూర్తయితే రెండో సమావేశానికి జనం వస్తారు. 1976 నుంచి యూనిసెఫ్ సాయం వచ్చింది. 1983 నుంచి బ్రిటిష్ ప్రభుత్వ నిధులు వచ్చాయి. గుడిసెల చోట పట్టాలు, బ్యాంకు అప్పులతో ఇళ్లు వచ్చాయి. విలియం కజిన్స్, కేథరీన్ గోయ్డర్ 1979లో ఈ అనుభవం మీద ఒక పుస్తకమే ప్రచురించారు. ప్రపంచం హైదరాబాదును చూడటానికి వచ్చింది. గమనించండి, ఇక్కడ వరస తిరగబడింది. పరదేశపు డబ్బు తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేసరికి గల్లీలో మనిషి అప్పటికే ఉన్నాడు, జనం అతన్ని పేరుపెట్టి పిలుస్తున్నారు. తరువాత నేను చూసిన చాలా సంస్థలు దీనికి ఎదురు దారిలో నడిచాయి. ముందు నిధులు, తరువాత లక్ష్యాలు, ఆ తరువాత వాహనం, అన్నిటికన్నా చివర మనిషి. ఆ మనిషికి ఇచ్చేది మూడేళ్ల కాంట్రాక్టు.

ఆపా పని మొదలుపెట్టింది కుష్టు ప్రాజెక్టులో. ఆమె చేసే పరీక్ష చూడనివారి కోసం చెబుతాను. చర్మం మీద పాలిపోయినట్టో, రాగిరంగులోనో ఒక మచ్చ ఉంటుంది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఆపా ముందు మచ్చ లేనిచోట దూదిపోగుతో తాకి, ఎక్కడ తాకానో వేలితో చూపించమనేది. సంగతి అర్థమైందని తేలాక కళ్లు మూసుకోమని చెప్పి మచ్చ మీద తాకేది. వేలు లేవకపోతే తొందరపడేది కాదు. ఇంకోచోట తాకి, మళ్లీ మచ్చ దగ్గరికి వచ్చేది. ఆ తరువాత మోచేయి వెనక, ఎముక పక్క గాడిలో ఉండే నరాన్ని వేళ్లతో మెల్లగా తడిమేది. జబ్బు ముట్టిన నరం ఒక్కోసారి లావెక్కి తాడులా తగులుతుంది. ఇదంతా ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల వెనక ఐదు నెలలుండేవి. పరదాలో ఉండే కోడలు అత్తగారి ఎదుట వీపు మీది మచ్చ చూపించాలంటే, చూసే మనిషి ఆ ఇంట్లో ఎన్నిసార్లు చాయ్ తాగి ఉండాలి?

సంస్థ జీపు మీద జబ్బు పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. ఆపా దాన్ని గల్లీలోకి రానిచ్చేది కాదు. పెద్దరోడ్డు మీదే దిగి నడిచి వచ్చేది. జీపు ఏ గుమ్మం ముందు ఆగితే ఆ ఇంటి పిల్లకు సంబంధం తప్పిపోతుందని ఆమెకు తెలుసు. ఒకసారి విదేశం నుంచి వచ్చిన ఒక అధికారి, వాహనం ఉండగా సమయం వృథా ఎందుకని నన్నడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. పైగా ఆ నెల రిపోర్టులో ‘వాహన వినియోగం తక్కువ’ అని రాసినవాణ్ణి నేనే.

ఈ జబ్బుకు కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల మొదట్లో సూచించింది. అందులో ఒక మోతాదు నెలకోసారి, ఆరోగ్యకార్యకర్త కళ్ల ఎదుట మింగాలి. మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే రెండో నెల తలుపు తెరుచుకోదు. ఇది ఏ శిక్షణలోనైనా చెబుతారు. కానీ ఎవరికి, ఏ మాటల్లో, ఎవరు వినకుండా చెప్పాలన్నది ఆపాకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. 2005 డిసెంబరు నాటికి దేశంలో పదివేలమందికి ఒక కేసు కన్నా తక్కువకు చేరామని ప్రభుత్వం ప్రకటించింది. అది నిజంగా గొప్ప విజయం. ఆ విజయంతోపాటే నిధులు తగ్గాయి, ఈ పనికే ప్రత్యేకంగా ఉన్న సిబ్బంది సాధారణ ఆరోగ్యసేవల్లో కలిసిపోయారు, కొందరు ఇళ్లకు పోయారు. జబ్బు పోలేదు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏటా కొత్తగా తేలే కుష్టు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోవే. వేళ్లతో నరాన్ని గుర్తుపట్టగలిగినవాళ్లు ఒక తరంతో వెళ్లిపోయారు. ఆ విద్య పుస్తకంలో ఉంటుంది కానీ పుస్తకం నుంచి రాదు. మా సంస్థ కూడా ఆపాకు నెల గడువుతో ఒక కాగితం ఇచ్చింది. ఆ కాగితం టైపు చేసింది నేనే.

అంతకు చాలా ముందు, 1990 డిసెంబరులో మతకల్లోలాలతో నగరం మండింది. వందమందికి పైగా చనిపోయారు. కర్ఫ్యూ రోజుల్లో నెలమోతాదు ఎవరిస్తారన్నది మా ఆఫీసులో ప్రశ్నగా కూడా లేవలేదు. ఆపా కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో రెండువైపులా తిరిగింది. బొట్టుతో ఒక గల్లీలోకి, బొట్టుతోనే మరో గల్లీలోకి వెళ్లింది. ధైర్యవంతురాలని అందరూ అంటారు. ఆమె మాత్రం తనకు భయం వేసిందనే చెప్పేది. తనను తెలియని గల్లీల్లోకి వెళ్లలేదని, తెలిసినచోట తెలిసినవాళ్లే ముందు నడిచారని అనేది. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ అల్లర్లు ఒక అంతర్జాతీయ సంస్థ దారినే మార్చాయి. హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోరులో పుట్టింది. క్రైస్తవ ప్రచారకులకు ఇస్లాం గురించి బోధించడం అప్పటి పని. ఊళ్లు మారుతూ 1971లో హైదరాబాదు చేరింది. 1990 తరువాత అది గ్రంథాలయం దాటి పాతబస్తీలోకి నడిచింది. సుల్తాన్‌షాహీలో హిందూ, ముస్లిం ఆడవాళ్లు ఒకే గదిలో పని నేర్చుకునే కేంద్రానికి చేయూతనిచ్చింది. ఇప్పుడు దాని ఆవరణ శివరాంపల్లిలో, మనకు పక్కనే. అరవై ఏళ్ల సంస్థ తన పేరుకు అర్థం తిరగరాసుకోవడం చిన్న సంగతి కాదు. దాతల లేఖ రాకముందే వీధి చెప్పింది విన్న నాయకత్వం ఉన్నప్పుడే అది సాధ్యం.

నాయకుల మాట వచ్చింది కనుక రెండు పేర్లు తలుస్తాను. విసెంతె ఫెర్రర్ 1952లో జెసూట్‌గా ఇండియాకు వచ్చాడు. 1968లో దేశం విడవాల్సి వచ్చింది. 1969లో తిరిగివచ్చి అనంతపురం చేరాడు. మరెవరూ కోరుకోని కరువు జిల్లా అది. నలభై ఏళ్లు అక్కడే ఉండి 2009లో అక్కడి మట్టిలోనే కలిశాడు. స్పెయిన్‌లో ఒక కుటుంబం నెలనెలా పంపే సొమ్ము రాయలసీమ పల్లెకు చేరే ఏర్పాటు ఆయన, ఆయన భార్య ఆన్ కట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థది. ఆ ఏర్పాటును మోసింది స్థానిక సిబ్బంది. రెండో పేరు శాంతాసిన్హా. 1981లో తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేర మొదలైన ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పిల్లల్ని పనుల నుంచి బడికి తెచ్చింది. ఆ పని ఊళ్లలోని యువకులే చేశారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. నెదర్లాండ్స్ లాంటి దేశాల మిత్రసంస్థలు ఆమె పద్ధతిని తమ ప్రచారంగా స్వీకరించాయి. ఇద్దరూ వేరువేరు దారులవాళ్లు, ఒకరి పద్ధతి మరొకరికి నచ్చకపోవచ్చు కూడా. అయినా ఇద్దరిలో నాకొక పోలిక కనిపిస్తుంది. దాత క్యాలెండరుకు, పల్లె క్యాలెండరుకు పొంతన కుదరనప్పుడు పల్లె తరఫున నిలబడ్డారు. సంస్థను నడిపేవారి మొదటి పని అదేనని నేననుకుంటాను. లాగ్‌ఫ్రేములనే లక్ష్యాల పట్టికలు, త్రైమాసిక నివేదికలు ఆ తరువాత.

ఇప్పుడు అంత తేలిక కాదు. విదేశీ విరాళాల చట్టం మొదట 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో వచ్చింది. 2010లో కొత్త రూపం తీసుకుంది. 2020 సవరణ మూడు పనులు చేసింది. విదేశీ విరాళం ఏదైనా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ఒకే శాఖలో పడాలి. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ సొమ్మును మరో సంస్థకు ఇవ్వకూడదు. లెక్కల్లో స్వచ్ఛత అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. దొంగ సంస్థల్ని నేనూ చూశాను. కానీ మూడో నిబంధన బరువు ఎక్కడ పడిందో చూడాలి. పెద్ద సంస్థకు ఇంగ్లీషు వచ్చు, ఆడిటరు ఉన్నాడు. బస్తీలోని చిన్న సంఘానికి ఆపాలున్నారు. పెద్దది తెచ్చి చిన్నదానికి ఇవ్వడమే ఇన్నాళ్లూ ఆ ఆఖరి వంద గజాల వంతెన. అది తెగాక చిన్న సంఘాలు ముందు వదులుకున్నది మనుషుల్నే. ఇరవై శాతం మాటకొస్తే, గల్లీలో తిరిగే మనిషి జీతాన్ని పాలనా ఖర్చు అనాలా, పని అనాలా అని ప్రతి ఆఫీసులోనూ ఆడిటరుతో వాదన నడుస్తుంది. ఆపా బతికుంటే ఈ వాదన వినిపించి ఆమె ముఖం చూడాలని ఉంది.

ఇవాళ ఆ వంద గజాలు నడిచేవాళ్లెవరో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ఇక్కడికి దగ్గర్లోని కిషన్‌బాగ్ వైపు, అటు బాలాపూర్‌లో రోహింగ్యా కుటుంబాలున్నాయి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ తరఫున మన నగరపు కోవా సంస్థ వాళ్లతో పనిచేస్తూ వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు ముందు కూర్చున్న రోహింగ్యా తల్లికి తెలుగు రాదు, ఉర్దూ సగమే. అక్కడ మాట కలిపేది తరచుగా తనతోపాటే దేశం విడిచొచ్చి, ఇక్కడ భాష నేర్చుకున్న కుర్రవాడో, కుర్రదో. జెనీవాలో మొదలైన గొలుసు చివరికి ఆ పిల్లల నోట ఆగుతుంది. వాళ్లకు ఉద్యోగ హోదా ఏమిటో, రేపు ఎక్కడుంటారో ఎవరూ చెప్పలేరు. ఆపా కాలంలో కన్నా గల్లీలో పని కష్టమైంది, ఆసరా తగ్గింది.

ఆ నెల గడువు కాగితం అందాక కూడా ఆపా తను మందులిచ్చిన పాత రోగులను చూడటానికి పదేళ్లు వస్తూనే ఉంది. జీతం లేదు, బస్సు ఛార్జీ సొంతమే. దాన్ని త్యాగమని పొగడటానికి నాకు మనసొప్పదు. మనం చేసిన పొరపాటుకు ఆమె కట్టిన జరిమానా అది.

ఆమె పోయాక పిల్లలు నాకు ఆమె ఫీల్డ్ డైరీలు ఇచ్చారు. పద్నాలుగు పుస్తకాలు. ఇళ్ల నంబర్లు దాదాపు లేవు. ‘వేపచెట్టు దాటి రెండో పచ్చ పరదా’, ‘మేకలవాళ్ల ఇంటి వెనక మెట్లు’, ‘తలుపు మధ్యాహ్నమే కొట్టాలి, మామ నిద్రలో ఉంటాడు’ అని తెలుగులో, మధ్యమధ్య ఉర్దూ మాటలు తెలుగు లిపిలో. ఏ రిపోర్టులోనూ నేను ఎక్కించని సమాచారం అదంతా. పోయిన నెల ఆ పుస్తకాలను ఈ బస్తీలోనే క్షయ కార్యక్రమంలో చేరిన ఒక అమ్మాయికి ఇచ్చాను. ఆమె ఈ సభలోనే వెనక వరసలో ఉంది. పుస్తకం పట్టుకుని ఇద్దరం ఆ దారిలో నడిచాం. వేపచెట్టు లేదు. అమ్మాయి కాసేపు నిలబడి చుట్టూ చూసింది, ఎదురింటి ముసలామెను ఏదో అడిగింది, తిరిగొచ్చి ఆపా రాతను కొట్టేయకుండా దాని కిందే పెన్సిలుతో రాసుకుంది: ‘ఇప్పుడు వెల్డింగ్ షాపు. పరదా అదే.’